"లైన్ ఇచ్చినావా" అంటే ఏంది? కరెంటు పనిలో మాటలకి ఉమ్మడి పదకోశం చేసుకునే పద్ధతి

"అన్నా, లైన్ ఇచ్చినావా?"

ఫోన్‌లో ఈ మాట వింటే మీకేం అర్థమైంది? బోరు కాడ కూచున్న రైతు అడిగితే సప్లై వదిలినావా అని. అదే మాట కంబం (పోలు) కింద నిలబడిన లైన్‌మ్యాన్ అడిగితే లైన్ ఆపి ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపేసినాం, పని చేసుకోవచ్చు అనే అనుమతి) నాకిచ్చినావా అని. ఒకటి బతికున్న తీగ, ఇంకోటి చచ్చిన తీగ, మాట మాత్రం ఒకటే.

గుంతకల్లు వైపు ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో నేను షిఫ్ట్ ఆపరేటర్‌గా ఉన్నప్పుడు ఒక సాయంత్రం గాలివాన, ఫీడర్లు (సబ్‌స్టేషన్‌నుంచి ఊళ్లకి పోయే లైన్లు) ఒకదాని వెనక ఒకటి ట్రిప్ అవుతున్నాయి, అంటే వాటంతట అవే ఆగిపోతున్నాయి, ఫోన్ కింద పెట్టే పని లేదు. అప్పుడు మా లైన్‌మ్యాన్ ఒకాయన ఫోన్ చేసి ఇదే మాట అడిగాడు. నేను అప్పుడే ఫీడర్ మళ్లీ చార్జ్ చేసి, అంటే సప్లై వదిలి, హమ్మయ్య నిలబడింది అనుకుంటా ఉన్నా, ఆ ఊపులో "ఇచ్చినాప్పా" అనేసినా. ఎల్సీ నంబర్ ఆయన అడగలా, నేను చెప్పలా. ఆయనకి తీగ మీద చెయ్యి పెట్టే ముందు డిశ్చార్జ్ రాడ్ (తీగని భూమికి కలిపే కడ్డీ) తగిలించే అలవాటు ఉంది కాబట్టి బతికిపోయినాం, ఒక మెరుపు మెరిసి ఫీడర్ ఎర్త్ ఫాల్ట్ మీద, అంటే కరెంటు భూమిలోకి పోయి, ట్రిప్ అయింది. ఆయనకి ఏం కాలేదు. రాత్రి డ్యూటీ దిగాక ఇద్దరం టీ బంకు కాడ చాలాసేపు ఏం మాట్లాడుకోలేదు. మరుసటి రోజు లాగ్‌బుక్ వెనక అట్ట మీద మూడు మాటలు రాసినాం: సప్లై ఇచ్చినా, ఎల్సీ ఇచ్చినా, ఎల్సీ రిటర్న్ వచ్చింది (పని అయిపోయి లైన్ వెనక్కి అప్పగించినారు అని). "లైన్ ఇచ్చినా" అనేది ఆ రోజునుంచి మా ఫీడర్ల మీద బంద్.

మా పదకోశం అట్లా పుట్టింది. ఇప్పుడు అందులో వందకి పైన మాటలు ఉన్నాయి. మీ సెక్షన్‌లో, మీ సబ్‌స్టేషన్‌లో, లేదా మీ ఐటీఐ క్లాసులో ఇలాంటిది చేసుకోవాలంటే ఎట్లా మొదలుపెట్టాలో, మేం ఎక్కడ తప్పు చేసినామో చెప్తా.

మొదట: ఎవరికోసం, ఎంతవరకు

ఇది తేల్చకుండా మొదలుపెడితే మూడో రోజే మూలపడుతుంది. కరెంటుకి సంబంధించిన మాటలన్నీ మనమే రాయాలని అనుకోవద్దు. ఆ పని ఐఈసీ అనే అంతర్జాతీయ సంస్థ చేస్తా ఉంది, వాళ్ల విద్యుత్ పదకోశం మొదటి ఎడిషన్ 1938లో వచ్చింది, ఇప్పుడది ఎలక్ట్రోపీడియా పేరుతో నెట్‌లో ఫ్రీగా ఉంది, 22 వేలకి పైగా ఎంట్రీలు. అంత పని మనవల్ల కాదు, అవసరం కూడా లేదు. మేం పెట్టుకున్న గీత ఇది: 33 కేవీ ఇన్‌కమింగ్ దగ్గర మొదలై వినియోగదారుడి మీటర్ దగ్గర ఆగాలి. చదివేది షిఫ్ట్ ఆపరేటర్లు, కొత్తగా వచ్చిన జేఎల్ఎంలు (జూనియర్ లైన్‌మ్యాన్లు), సచివాలయం ఎనర్జీ అసిస్టెంట్లు. అంతే. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) సార్ చూస్తే సంతోషం, కానీ ఆయనకోసం రాయట్లేదు.

మొదటి యాభై మాటలు మాత్రం ఒకే లెక్కన ఎంచుకోండి: ఈ మాట తప్పుగా అర్థమైతే మనిషి పోతాడా? పోతాడు అంటే ముందు అది. చార్జ్, ట్రిప్, ఎల్సీ, రిటర్న్, ఎర్త్, న్యూట్రల్, బ్యాక్ ఫీడ్ (ఆపిన లైన్‌లోకి వెనకనుంచి వచ్చే సప్లై), ఐసోలేటర్, ఇవన్నీ ముందు వరుస. పవర్ ఫాక్టర్ రెండు నెలలు ఆగినా ఎవరికీ ఏం కాదు.

తర్వాత: మాటలు ఏరుకోవడం

పుస్తకం ముందు పెట్టుకుని ఏ నుంచి జెడ్ దాకా దించుకోవద్దు. మేం మొదట ఆ తప్పే చేసినాం, ఒక డిప్లొమా పుస్తకం వెనక ఉన్న లిస్టు మొత్తం షీట్‌లోకి ఎక్కించినాం, అందులో సగం మాటలు మా సబ్‌స్టేషన్‌లో ఎవరి నోటా ఒక్కసారి కూడా రాలేదు. మొత్తం తీసిపారేసినాం.

మాటలు దొరికేది మూడు చోట్ల. లాగ్‌బుక్, ఫోన్, కంప్లైంట్ రిజిస్టర్. ఒక నెల రోజులు జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని విన్నది విన్నట్టు రాయండి, మాట ఒక్కటే కాదు, మొత్తం వాక్యం రాయండి, ఎవరు ఎవరితో అన్నారో కూడా. ఎందుకంటే మాట ఒంటరిగా ఉంటే దాని అర్థం తర్వాత మీకే గుర్తుండదు.

లాగ్‌బుక్ తిరగేస్తే భలే విషయాలు బయటపడతాయి. మా పాత బుక్కులో ఒకాయన "హెచ్‌టీ" అని రాస్తే హ్యాండ్ ట్రిప్, అంటే మనమే చేత్తో ఆపినాం అని. ఇంకొకాయన అదే "హెచ్‌టీ" రాస్తే హై టెన్షన్ సర్వీస్. "పీటీ" అంటే పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్, కానీ హడావుడిలో పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా పీటీ అనేస్తారు, దానికి పీటీఆర్ అనే పొట్టి పేరు ఉన్నా సరే. ఒకరోజు పై ఆఫీసుకి "పీటీ పోయింది" అని ఫోన్ వెళ్తే అక్కడ ఎంత గాభరా పడ్డారో ఊహించుకోండి, పోయింది మీటరింగ్‌కి వాడే చిన్న పీటీ, వాళ్లనుకుంది పెద్ద పీటీఆర్.

కంప్లైంట్ రిజిస్టర్‌ని తక్కువ చేయొద్దు. మన సీమలో జనం "కంబం" అంటారు, కాగితాల్లో "స్తంభం", మనం "పోలు". కోస్తా వైపునుంచి కొత్తగా వచ్చిన ఒక సారుకి "కంబం కాడ తీగ తెగిండాది సార్" అని ఫోన్ వస్తే, కంబం అనే ఊరనుకుని, అది ప్రకాశం జిల్లా కదయ్యా మనకెందుకు చేశారు అన్నాడంట. నవ్వుకోవడానికి బాగుంటుంది కానీ తెగిన తీగ కింద పడి ఉన్నప్పుడు ఆ రెండు నిమిషాలు కూడా ఎక్కువే. కాబట్టి జనం మాట కూడా షీట్‌లో ఉండాలి.

అసలు పని: మాటని కాదు, వస్తువుని పట్టుకోండి

చాలామంది ఇక్కడే జారిపోతారు. మామూలు డిక్షనరీలో ఒక మాట రాసి దాని కింద ఒకటి, రెండు, మూడు అని అర్థాలు వేస్తారు. మన పనికి అది ఉల్టా ఉండాలి. ఒక వరుసకి ఒక వస్తువు లేదా ఒక పని, దానికి ఎన్ని పేర్లున్నాయో అన్నీ ఆ వరుసలోనే. ఒకే మాటకి మూడు అర్థాలుంటే మూడు వేరే వేరే వరుసలు, మూడు వేరే నంబర్లు.

"లో వోల్టేజ్" తీసుకోండి, మాకు దీనిమీద రెండు ఆదివారాలు పోయినాయి. రైతు "లో వోల్టేజ్ సార్, మోటరు గూం అంటాది తిరగదు" అంటే, రావాల్సినంత రావట్లేదు అని. ఇంజినీర్ "లో వోల్టేజ్ సైడ్ చూడు" అంటే ట్రాన్స్‌ఫార్మర్‌కి తక్కువ వోల్టేజ్ ఉండే వైపు, మన డీటీఆర్‌లో (ఊళ్లో, పొలాల్లో ఉండే డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్) అయితే 433 వోల్టుల వైపు. మళ్లీ 33/11 కేవీ పీటీఆర్ దగ్గర ఎల్వీ (లో వోల్టేజ్) అంటే 11 కేవీ! అది ముట్టుకుంటే లో ఏం ఉండదు. ఇక పుస్తకం తీస్తే ఐఈసీ లెక్కలో లో వోల్టేజ్ అంటే 1000 వోల్టుల లోపు, మన 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో అయితే 250 లోపు లో, 650 దాకా మీడియం, 33 వేల దాకా హై, ఆ పైన ఎక్స్‌ట్రా హై. అంటే మనం రోజూ ఎల్‌టీ ఎల్‌టీ (లో టెన్షన్) అనే త్రీ ఫేజ్ లైన్ పాత రూల్స్ ప్రకారం మీడియం, ఐఈసీ ప్రకారం లో.

మేం చివరికి ఏం చేసినామంటే, దీన్ని నాలుగు వరుసలు చేసినాం. రైతు చెప్పేదానికి "వోల్టేజ్ తగ్గడం" అని పెట్టి, పక్కన ఆ పాత రూల్స్‌లోని హద్దు రాసినాం, 230కి 6 శాతం అటూఇటూ, అంటే 216 కంటే కిందికి వస్తే కంప్లైంట్ నిజమే అని. లైన్‌కి "ఎల్‌టీ". డీటీఆర్‌కి "ఎల్‌టీ వైపు", పీటీఆర్‌కి "11 కేవీ వైపు". "ఎల్వీ" అని నోటితో చెప్పడం మాత్రం ఆపేసినాం, నేమ్‌ప్లేట్ మీద ఉంటుంది కాబట్టి చదవడం వరకు తెలిస్తే చాలు.

"యూనిట్" కూడా ఇట్లాంటిదే. ఇంట్లో యూనిట్ అంటే బిల్లులో ఉండేది, ఒక కిలోవాట్ గంట. ముద్దనూరు దగ్గర ఆర్టీపీపీలో (రాయలసీమ థర్మల్ కరెంటు కేంద్రం) యూనిట్ అంటే ఒక జనరేటింగ్ సెట్టు, 210 మెగావాట్లవి ఐదు, ఆరోది 600 మెగావాట్లది. "ఆరో యూనిట్ ఆగింది" అని ఎవరో అంటే మా ఐటీఐ పిల్లోడు ఒకడు బిల్లులో ఆరో యూనిట్ అనుకున్నాడు, వాడి తప్పు కాదు. దీనికి తోడు మెగావాట్‌కి, యూనిట్‌కి తేడా చెప్పాలి. ఆ 600 మెగావాట్ల సెట్టు ఫుల్ లోడ్‌లో ఒక గంట తిరిగితే 6 లక్షల యూనిట్లు, రోజంతా తిరిగితే కోటీ 44 లక్షలు. ఈ లెక్క ఒక్కసారి చేత్తో వేయిస్తే పిల్లలు మళ్లీ మర్చిపోరు, నిర్వచనం పదిసార్లు చదివించినా ఎక్కదు. స్కూల్ పుస్తకంలో పవర్‌ని సామర్థ్యం అంటారు, ఎనర్జీని శక్తి అంటారు, పేపర్లలో కెపాసిటీని కూడా సామర్థ్యం అనే రాస్తారు, ఇక చూడండి గోల. ఇప్పుడు పిన్నాపురంలో పంప్డ్ స్టోరేజ్ (నీళ్లు పైకి ఎక్కించి, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసేది) లాంటివి వచ్చాక ఎన్ని మెగావాట్లు, ఎన్ని గంటలు అని రెండూ అడగాల్సిందే, సామర్థ్యం ఎంత అని ఒక్క మాటతో అడిగితే జవాబు సగమే వస్తుంది.

ఇంకొకటి మన అనంతపురం వాళ్లకే వచ్చే తిప్పలు. గుంతకల్లు రైల్వే ఊరు, సగం ఇళ్లలో ఒక రైల్వే ఉద్యోగి ఉంటాడు. రైల్వేలో "లైన్ క్లియర్ ఇచ్చినాం" అంటే బండి రావొచ్చు అని. మనకి లైన్ క్లియర్ అంటే ఆ లైన్‌లోకి ఏమీ రాకూడదు, మనిషి పని చేస్తున్నాడు అని. పూర్తిగా ఎదురెదురు. మా దగ్గరికి వచ్చే అప్రెంటిస్ పిల్లల్లో చాలామందికి నాన్నో మామో రైల్వే, వాళ్లు చిన్నప్పటినుంచి విన్న అర్థం అదే. అందుకే మా షీట్‌లో ఎల్సీ వరుసలో "రైల్వే అర్థం వేరు, దాంతో కలపొద్దు" అని ఎర్ర అక్షరాల్లో ఉంటుంది.

పేరు ఎంచుకోవడం

ఒక వస్తువుకి ఉన్న పేర్లన్నిటినీ మూడు గడుల్లో వేయండి: ఇది వాడండి, ఇది వింటే అర్థం చేసుకోండి, ఇది వాడొద్దు. మూడోదాంట్లో వేసే ప్రతి మాటకి ఎందుకు వద్దో ఒక ముక్క రాయండి, లేకపోతే ఆరు నెలల తర్వాత ఎవరో వచ్చి మళ్లీ దాన్ని మొదటి గడిలోకి తెస్తారు.

ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. సైన్స్ పుస్తకంలో పరివర్తకం. పేపర్లో నియంత్రిక. పొలంలో ట్రాన్స్‌ఫారం. మేం మొదటి గడిలో ట్రాన్స్‌ఫార్మర్ వేసినాం, ట్రాన్స్‌ఫారం, పరివర్తకం రెండో గడిలో. నియంత్రిక మీద మా తెలుగు మాస్టారుకి, నాకు పెద్ద వాదన నడిచింది. ఆయన తెలుగు మాట కదా ఉండనీ అన్నాడు. నేను ఏమన్నానంటే, మాస్టారూ, నియంత్రించేది అంటే స్టార్టర్ కావచ్చు, రెగ్యులేటర్ కావచ్చు, కంట్రోల్ ప్యానెల్ కావచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ దేన్నీ నియంత్రించదు, వోల్టేజ్ మారుస్తుంది అంతే, పరివర్తకం అంటే మార్చేది, అది నయం. ఆయన ఒప్పుకున్నాడు. అలాగని తెలుగు మాటలన్నీ వద్దని కాదు. తెలుగు అకాడమీ వాళ్లు 1968 నుంచి పాఠ్యపుస్తకాలకోసం, పారిభాషిక పదకోశాలకోసం చేసిన పని చిన్నది కాదు, వాహకం, బంధకం, నిరోధం లాంటివి పిల్లలకి ముందే తెలిసి ఉంటాయి, వాటిని రెండో గడిలో తప్పక పెట్టండి. కానీ కంబం మీద ఉన్నోడు కింద ఉన్నోడికి అరిచి చెప్పాల్సిన మాట పొట్టిగా ఉండాలి, గాలిలో వినపడాలి. నా వరకు పేరు ఎంచుకునే రూల్ అదే, తెలుగా ఇంగ్లీషా అని కాదు.

అర్థం రాయడం

ముందు అది ఏ జాతి వస్తువో చెప్పండి, తర్వాత దాని తోటివాటినుంచి ఎక్కడ వేరో చెప్పండి. మేం ఏబీ స్విచ్‌కి (ఎయిర్ బ్రేక్ స్విచ్) మొదట రాసింది: "లైన్‌ని విడగొట్టే స్విచ్." బాగానే ఉందనుకున్నాం. అప్పుడు మా సీనియర్ అన్న ఒక పరీక్ష పెట్టాడు, పేరు మీద చెయ్యి అడ్డం పెట్టి అర్థం మాత్రం చదవండి, ఎదుటివాడు అది ఏంటో చెప్పాలి అని. ముగ్గురికి చదివినాం. ఒకడు బ్రేకర్ అన్నాడు, ఒకడు ఐసోలేటర్ అన్నాడు, ఒకడు ఏబీ స్విచ్ అన్నాడు. అంటే మా వాక్యం మూడింటికీ సరిపోతోంది, దేనికీ పనికిరాదు.

తిరగరాసినాం. బ్రేకర్: లోడ్ నడుస్తున్నప్పుడు, ఫాల్ట్ వచ్చినప్పుడు కూడా కరెంటుని తెంపగల పరికరం, రిలే (ఫాల్ట్‌ని పసిగట్టే పరికరం) చెప్తే తనంతట తనే తెంపుతుంది. ఐసోలేటర్: సబ్‌స్టేషన్ యార్డులో ఉండేది, లోడ్ లేనప్పుడు మాత్రమే తెరవాలి, తెరిచాక మధ్యలో ఖాళీ కంటికి కనపడుతుంది. ఏబీ స్విచ్: 11 కేవీ లైన్ మీద కంబానికి బిగించి, కింద హ్యాండిల్‌తో మూడు ఫేజులూ ఒకేసారి తెరిచేది, డీటీఆర్ దగ్గరైతే ఎల్‌టీ లోడ్ తీసేశాకే లాగాలి. మళ్లీ అదే ముగ్గురికి చదివితే ముగ్గురూ కరెక్ట్ చెప్పారు. ఈ పరీక్ష ప్రతి వరుసకీ చేయండి, బద్ధకించొద్దు.

రాసేటప్పుడు ఒక మాటని అదే మాటతో చెప్పకండి. "ఎర్తింగ్ అంటే ఎర్త్ చేయడం" అని మా షీట్‌లో ఏడాది పాటు ఉంది, ఎవరూ చూడలేదు, సిగ్గు. మంచి అర్థం అయితే వాక్యంలో ఆ మాట తీసి దాని అర్థం పెట్టినా వాక్యం చెడదు.

ఎలక్ట్రోపీడియా ఇక్కడ పనికొస్తుంది. ప్రతి ఎంట్రీకి ఒక నంబర్ ఉంటుంది, బ్రేకర్‌ది 441-14-20, మనం ఐసోలేటర్ అనేదాన్ని వాళ్లు డిస్‌కనెక్టర్ అంటారు, దాని నంబర్ 441-14-05. ఆ నంబర్ మీ షీట్‌లో ఒక గడిలో వేసుకోండి, రేపు సోలార్ పార్కులో రాజస్థాన్‌నుంచో గుజరాత్‌నుంచో వచ్చిన ఇంజినీర్‌తో మాట్లాడాల్సి వస్తే, మన ఓర్వకల్లు పక్క గని, శకునాలలో అయినా ఎన్పీ కుంటలో అయినా, ఆ నంబర్ చూపిస్తే ఇద్దరూ ఒకే వస్తువు గురించి మాట్లాడుతున్నారని తేలిపోతుంది. కానీ వాళ్ల నిర్వచనాలు దించుకోవద్దు, వాటి మీద హక్కులు ఐఈసీవి, పైగా అవి కోర్టు తీర్పులాగా ఉంటాయి, మన జేఎల్ఎంకి ఎక్కవు. మీ మాటల్లో రాయండి.

షీట్, నంబర్లు, తాళం

సాఫ్ట్‌వేర్ ఏం అక్కర్లేదు, గూగుల్ షీట్ చాలు. వరుస నంబర్, మూడు రకాల పేర్లు, అర్థం, లాగ్‌బుక్‌లోనో ఫోన్‌లోనో విన్న నిజం వాక్యం ఒకటి, ఫొటో, ఐఈసీ నంబర్ ఉంటే అది, ఎవరు రాశారు, ఏ తేదీ. ఫొటో మీ యార్డులోదే పెట్టండి, నెట్‌లోది వద్దు.

నంబర్లలో ఊరి పేరో ఆఫీస్ పేరో ఇరికించకండి. 2014లో అనంతపురం, కర్నూలు జిల్లాలు సెంట్రల్ డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ) నుంచి తిరుపతి సదరన్ డిస్కంలోకి మారినాయి, 2022లో జిల్లాలే విడిపోయినాయి, నంద్యాల ఒకటి, శ్రీ సత్యసాయి ఒకటి, అన్నమయ్య ఒకటి. కేఎన్‌ఎల్ (కర్నూలు) అని మొదలయ్యే నంబర్లు పెట్టుకున్నోళ్లు నంద్యాల వైపు వెళ్లాక ఏం చేయాలి? ఉత్త 1, 2, 3 చాలు. తీసేసిన వరుస నంబర్‌ని ఇంకో మాటకి మళ్లీ ఇవ్వొద్దు, "రద్దు" అని రాసి అట్లే ఉంచండి.

చూడ్డానికి అందరికీ, మార్చడానికి ఇద్దరికే. మిగతావాళ్లు కామెంట్ పెట్టాలి, లేదా వాట్సాప్‌లో వాయిస్ పంపాలి. మా లైన్‌మ్యాన్లలో చాలామంది టైప్ చేయరు కానీ వాయిస్‌లో మాత్రం ఐదు నిమిషాలు చెప్తారు, అందులో ఒకటిన్నర నిమిషం బంగారం. నెలకి ఒకసారి కూచుని అవన్నీ విని తేల్చండి. తేలనిదాన్ని బలవంతంగా తేల్చొద్దు, పసుపు రంగు కొట్టి వదిలేయండి. మాకు "బ్యాక్ ఫీడ్", "రిటర్న్ సప్లై" ఇప్పటికీ పసుపే. ఇన్వర్టర్, జనరేటర్‌నుంచి వెనక్కొచ్చేది, పక్క ఫీడర్‌నుంచి వచ్చేది, ఇప్పుడు ఇంటి మీది సోలార్‌నుంచి వచ్చేది, ఇవన్నీ ఒకటా మూడా అని కొట్టుకుంటా ఉన్నాం. పైగా "రిటర్న్" అంటే ఎల్సీ రిటర్న్ అని ముందే పెట్టుకున్నాం, అందుకే "రిటర్న్ సప్లై" వాడొద్దు అనేది మాత్రం తేలిపోయింది.

గోడ మీదికి

షీట్ ఫోన్‌లో ఉంటే ఎవరూ తెరవరు, గాలివానలో అసలే తెరవరు. ప్రాణం మీదికొచ్చే ఆ మొదటి యాభైలో కూడా ఓ పదిహేను ఏరి, పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి, లామినేషన్ చేయించి, ఫోన్ పక్కనే గోడకి కొట్టండి. మాదాంట్లో మొదటి లైన్ ఇప్పటికీ అదే: "లైన్ ఇచ్చినా" అనొద్దు, సప్లై ఇచ్చినా అను, లేదా ఎల్సీ ఇచ్చినా అని నంబర్ చెప్పు, ఎదుటివాడు ఆ నంబర్ తిరిగి చెప్పేదాకా ఫోన్ పెట్టొద్దు. కింద మూలన తేదీ వేయండి. కొత్త కాగితం అంటించే రోజున పాతదాన్ని మీ చేత్తో పీకి చింపేయండి, దాని మీద కొత్తది కప్పి వదిలేస్తే ఎండాకాలం జిగురు ఊడి పాతది బయటికొస్తుంది, మా దగ్గర వచ్చింది కూడా.